పిట్టల్లంక లాకుకి రెండో దారి

ఫిర్యాదు 1. ఏకపటం మొదలైన రోజు.

మీరు చదవకుండా నొక్కారు. అవును, ఇది చూస్తున్న మిమ్మల్నే అంటున్నాను. ఏకపటం కావాలా అని తీగల మండలి అడిగితే దిగువ డెల్టా మొత్తం కావాలంది. అంతవరకు మీకు దండం పెడతాను. దాని కిందే రెండో ప్రశ్న ఉంది. రిజిస్టర్లో రాసి ఉన్న తీగా, నేలలో ఉన్న తీగా ఒకటేనా కాదా అని ఆరు నెలలు ఊరూరూ తిరిగి చూసుకుని, ఆ తర్వాత మొదలుపెడదామా? నూటికి ఎనభై ఒక్కమంది వద్దన్నారు. రిజిస్టర్లు చాలు, వానాకాలం లోపల కావాలన్నారు. ఆ ఎనభై ఒక్కరిలో మీరున్నారో లేదో మీకే తెలుసు.

నా పేరు మట్టా రాజ్యం. నలభై తొమ్మిదేళ్లు. ఇరవై ఆరేళ్లుగా జాయింటర్ని, అంటే తెగిన గాజు పోగుల్ని అతికించే మనిషిని. ఫిర్యాదుల పెట్టెలో నాకేం పని అంటారా? ఏకపటంలో జాయింటర్‌కి చూసే హక్కు ఇచ్చారు, రాసే హక్కు ఇవ్వలేదు. ఇంటికి కనెక్షన్ ఉన్న ఎవరైనా మాత్రం ఫిర్యాదు రాయొచ్చు, దాన్ని డెల్టాలో ఎవరైనా చూడొచ్చు. మా ఇంటికీ కనెక్షన్ ఉంది. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

నిజానికి ఇవాళ ఫిర్యాదేమీ లేదు. ఇవాళ నా కాళ్లు నేలమీద లేవు. పైన ఉపగ్రహాలు ఒకదాన్నొకటి గుద్దుకుని ఆకాశం దారి మూసుకుపోయాక, తుఫాన్లకి టవర్లు నిలవడం మానేశాక, మన మాట, మన బడి, మన వైద్యం, మన లాకు తలుపులు అన్నీ గాజు పోగు మీదే కదా నడుస్తున్నాయి. ఆ పోగులకి ఏడుగురు కాంట్రాక్టర్లు, ఏడు పటాలు. ఒకాయన పటంలో కాలవ ఎడమ గట్టున ఉన్న కేబుల్ ఇంకొకాయన పటంలో కుడి గట్టున ఉండేది. తెగిన చోటు కనుక్కోవడానికే రెండ్రోజులు తవ్వేవాళ్లం.

ఇవాళ పొద్దున ఒకే తెర! ఏ కేబుల్ ఎక్కడ పాతారు, ఏ బాక్సులో ఏ రంగు పోగు దేనితో అతికింది, దాని మీద ఎవరిల్లు, ఏ ఆసుపత్రి, ఏ లాకు ఆధారపడ్డాయి, దానికి కరెంటు ఎక్కణ్నుంచి, డ్యూటీలో ఎవరు, గోడౌన్లో ఎన్ని బాక్సులు మిగిలాయి, అన్నీ అందులోనే. దీనికోసం జాయింటర్ల యూనియన్ తరఫున ఇరవయ్యేళ్లు కొట్లాడాను. రెండుసార్లు సస్పెండయ్యాను. తెర మీద ఏడు పటాలూ వచ్చి ఒకదాని మీద ఒకటి కూర్చుంటుంటే కేక పెట్టాను.

నా జట్టులో పెద్దాయన గెడ్డం ఏసుపాదం. ఆయన నన్ను చెల్లెమ్మా అంటాడు, నేను అన్నయ్యా అంటాను. వెనకనుంచి వచ్చి అడిగాడు.

"ఏటి చెల్లెమ్మా, పెళ్లికొడుకుని చూసినట్టు చూత్తన్నావు దాన్ని?"

"పెళ్లికొడుకు కంటే నయం అన్నయ్యా. అడిగినదానికి జవాబు చెబుతోంది."

ఫిర్యాదు 2. ఐదో రోజు.

ఇదీ ఫిర్యాదు కాదు, గొప్పలు చెప్పుకోవడం. చింతలమెరకలో తవ్వే యంత్రం నలభై ఎనిమిది పోగుల కేబుల్‌ని కొరికేసింది. మేం పడవ ఎక్కకముందే ఏకపటం తెగిన చోటు మీటర్లతో సహా చెప్పింది. సరిపోయే బాక్సు ఎదురుగా ఇంకో పడవలో పంపింది. ముందు ఆకుపచ్చ పోగు అతికించమంది, ఎందుకంటే ఆ ఊరి ప్రసవ గది దాని మీదుంది, లోపల ఒకామె నొప్పులు పడుతోంది. ముప్ఫై ఎనిమిది నిమిషాల్లో డాక్టరు గొంతు మళ్లీ ఆ గదిలో వినబడింది. ఆడపిల్ల.

పాత పద్ధతే మేలని అరుగుల మీద కూర్చుని నిట్టూర్చే పెద్దమనుషులకి ఒక మాట. పాత పద్ధతిలో ఆ తల్లి రెండ్రోజులు ఆగాలి. ఆగుతుందా? మీరైతే ఆగుతారా? యంత్రం వస్తే మనిషి పోతాడని నాకు పాఠాలు చెప్పకండి. మనిషిని పొమ్మనేది యంత్రం కాదు. దాని ముందు ఎవరు కూర్చోవాలో నిర్ణయించేవాళ్లు.

ఏసుపాదం తిరిగొచ్చి పడవ కట్టాడు. "బాగానే ఉందిలే నీ పెళ్లికొడుకు" అన్నాడు.

ఫిర్యాదు 3. పన్నెండో రోజు.

ఇది ఫిర్యాదే. దయచేసి చదవండి.

పిట్టల్లంక మీలో చాలామంది చూసి ఉండరు. పాయ నడుమ గట్టు కట్టుకుని రెండువేల మూడువందల మంది బతుకుతున్న ఊరు. సముద్రం పోటెక్కినప్పుడు వాళ్లని కాపాడేది ఒక్క లాకు తలుపు. మెట్టపేట కేంద్రం నుంచి ఆజ్ఞ వెళ్తేనే దాని మోటారు కదులుతుంది. ఆ నియమానికి నేనూ జెండా పట్టుకున్నాను. ఎవరి తలుపు వాళ్లు మూసుకుని పక్క ఊళ్లని ముంచిన రోజులు నేను చూశాను కనుక. ఆజ్ఞ తప్పకుండా చేరాలని ప్రతి లాకుకీ రెండు దారులుండాలన్నాం. ఒకటి పోతే ఇంకొకటి.

ఇవాళ పనుల జాబితాలో చూశాను. పంతొమ్మిదో రోజు పొద్దున పాయ పూడిక తీయడానికి పిట్టల్లంక మెయిన్ కేబుల్ కోసి పక్కకి జరుపుతారట. సాయంత్రం దాకా లాకు రెండో దారి మీద ఉంటుందట. ఆ రెండో దారి, పాతిక నంబరు కేబుల్లో పన్నెండో పోగు. ఆ కేబుల్లో లాకుదాకా వెళ్లేది అదొక్కటే. రిజిస్టర్ ప్రకారం బాగుంది, ఖాళీగా ఉంది.

అది బాగా లేదు. అది తెగి ఉంది. తెంపింది మేమే.

మా జాయింటర్లలో ఒక ఆచారం ఉంది. పనిమీద ఉండగా ఎవరైనా చనిపోతే, వాళ్లు పోయిన కేబుల్లో ఒక పోగు వాళ్ల పేరున వదిలేస్తాం. ఆ చోటుకి అటూ ఇటూ ఉన్న బాక్సుల్లో దాన్ని కోసి, కొసలకి తెల్లదారం కడతాం. ఇక అందులోకి కాంతి వెళ్లదు. పదకొండేళ్ల కిందట వరదలో కేబుల్ లాగుతూ కొత్తపాయలో కొట్టుకుపోయిన మనిషి గెడ్డం దీనమ్మ. జాయింటర్. ఏసుపాదం భార్య. నాకు వదిన. పన్నెండో పోగు ఆమెది.

అలాంటప్పుడు రిజిస్టర్లో తెగింది అని రాయాలి కదా? రాయం. చనిపోయిన మనిషి పేరు పెట్టుకున్న పోగు ఎదురుగా తెగింది అనే మాట రాయడానికి మాలో ఎవరికీ చెయ్యి రాదు. బాగుంది, ఖాళీ అని రాస్తాం. ఏడు పటాల కాలంలో ఆ రిజిస్టర్లు ఎవరూ తెరిచేవాళ్లు కారు, అబద్ధం అల్మారాలో పడుండేది. ఇప్పుడు ఆ అబద్ధాన్ని ఏకపటం నమ్మింది. దాని తప్పేం లేదు. మేం రాసిందే అది చదివింది.

ఇదంతా బయట పెట్టాలంటే ఏసుపాదాన్ని అడగాలి కదా. అడిగాను. పోగులు అతికించే మెషిన్ తుడుచుకుంటున్నాడు.

"నీ సంతకం గురించి నువ్వు రాసుకో. దాని పోగు మీద మాత్రం చెయ్యెయ్యకు" అన్నాడు.

ఫిర్యాదు 4. పదమూడో రోజు.

నిన్నటి ఫిర్యాదుకి జవాబొచ్చింది. "రికార్డుతో పోల్చి చూడబడింది. రెండో దారి బాగుంది. ఫిర్యాదు ముగించబడింది." రికార్డు తప్పురా మహాప్రభో అంటే, ఆ రికార్డునే అడిగి నిర్ధారించుకున్నారు!

మరి మీరో? పదకొండుమంది చూశారు. ఇద్దరు నవ్వుబొమ్మ పెట్టారు.

కేంద్రానికి ఫోన్ చేశాను. ఇన్‌చార్జి మైథిలి గారు. ముప్ఫై దాటి ఉండవు, మర్యాదస్తురాలు.

"రాజ్యం గారూ, రిజిస్టర్ నా ముందే ఉందండి. పాతిక నంబరు, పన్నెండో పోగు, బాగుంది, ఖాళీ. కింద సంతకం మీదే కదండీ?"

"నాదేనండి. అబద్ధం రాశాను."

"అలా అనకండి. అలా అంటే మీ పర్మిట్ పోతుంది."

"పర్మిట్ సంగతి తర్వాత. మీ దగ్గర కాంతి కొట్టి చూసే పరికరం ఉంది. ఎంతసేపు పడుతుంది? నాలుగు నిమిషాలు. కొట్టండి మేడమ్, ఎక్కడ ఆగుతుందో మీకే తెలుస్తుంది."

"పని ఆర్డర్ లేకుండా ఖాళీ పోగులో కాంతి కొట్టే హక్కు నాకూ లేదండి. ఖాళీ పోగుల పరీక్ష వచ్చే ఏడాది షెడ్యూల్లో ఉంది. జనం ఓటేశారు కదా."

విన్నారా? జనం ఓటేశారట. దేవుడి పేరు చెప్పినట్టు చెప్పింది. ఆ అమ్మాయి మీద కోపం రాలేదు. మీ మీద వచ్చింది.

ఫిర్యాదు 5. పదహారో రోజు.

జట్లన్నీ మెట్టపేట గోడౌన్లో కలిశాయి. నన్ను కడిగేయడానికి.

"యూనియన్ యూనియన్ అని మమ్మల్ని తిప్పి, మా సంతకాలన్నీ బజార్లో పెట్టేవు కదే!" అన్నాడు పంతొమ్మిదో జట్టు పెద్ద గుబ్బల నరసయ్య.

"నీ సంతకం నేనెక్కడ పెట్టాను బాబాయ్? నాది పెట్టుకున్నాను."

"నీది లాగితే మాది రాదేటి? ఒకే దారం!"

"వస్తుంది. రానీ. పిట్టల్లంకలో మనుషులుండరా? నీ మేనకోడల్ని ఆ ఊరే ఇచ్చావు కదా, పోయిన మాఘంలో."

ఆయన కూర్చున్నాడు. నేను కూర్చోలేదు. అలాంటి పోగులు డెల్టాలో ఎన్నున్నాయో చెప్పమన్నాను. ఒక్కొక్కరే పేర్లు చెప్పారు. పేరు చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు తల దించుకున్నారు. ముప్ఫై ఒకటి. నా తెర మీద ఒక్కొక్కటే వెతికాను. అందులో తొమ్మిదింటిని ఏకపటం అప్పటికే ఏదో ఒకదానికి రెండో దారిగా కేటాయించేసింది. ఐదు లాకులు. మూడు ఆరోగ్య కేంద్రాలు. ఒక తాగునీటి పంపు.

చప్పుడు లేకుండా వెళ్లి పిట్టల్లంక పోగొక్కటి అతికించేద్దాం, ఎవరికీ తెలియదు అన్నారు కొందరు. ప్రతి బాక్సు మూతకీ ఏకపటం కాపలా ఉంది, తెరిస్తే తెలుస్తుంది అన్నాను. అదీకాక ఒకటి దొంగచాటుగా అతికిస్తే మిగతా ఎనిమిదీ ఎవరు చూస్తారు? రికార్డు మారాలి, మా నోటితో మారాలి అన్నాను. సభ ఏదీ తేల్చకుండానే లేచింది.

ఇప్పుడు నా గురించి కూడా చెప్పాలి. నాలుగు రోజులుగా వాదిస్తున్నాను, బాక్సు మాత్రం తెరవలేదు. వాదనలో గెలిస్తే పని దానంతటదే అయిపోతుందనుకునే రోగం నాకుంది. దీనమ్మ వదిన ఉంటే ఈపాటికి పడవెక్కి ఉండేది.

ఫిర్యాదు 6. ఇరవయ్యో రోజు. నిన్న జరిగింది.

రాత్రంతా నిద్ర పోలేదు. సంతోషంతోనే, భయపడకండి.

పొద్దున ఎనిమిదింటికి మెయిన్ కేబుల్ కోసేశారు. నూట నలభై నాలుగు పోగులు, మళ్లీ అతకాలంటే సాయంత్రం దాటుతుంది. పదీ ఇరవైకి హెచ్చరిక వచ్చింది. మర్నాడు సాయంత్రం రావలసిన తుఫాను పోటు ముందుకు జరిగింది. ఆ మధ్యాహ్నమే మూడున్నరకి.

నేను రేవుకి పరిగెత్తాను. ఏసుపాదం అప్పటికే పడవలో ఉన్నాడు. ఒళ్లో మెషిన్.

"దాని పోగు నేనే అతికిత్తాను. నువ్వు వెలుతురు పట్టుకో, చాలు."

కొత్తపాయ గట్టు మీద స్తంభానికున్న బాక్సు మూత ఎత్తాం. తెల్లదారం కట్టిన కొస అలాగే ఉంది. పక్కన వెలుగుతున్న పోగుకి ఫోన్ క్లిప్పు పెట్టానో లేదో, అది మోగింది.

"రాజ్యం గారూ! పాతిక మీద బాక్సు తెరిచింది ఎవరండీ? ఇక్కడ ఎర్రగా అరుస్తోంది!" మైథిలి గారు.

"మేమేనండి. కాంతి కొట్టండి."

హక్కు, ఆర్డర్, షెడ్యూల్ అన్నీ ఆ అమ్మాయి కళ్లముందు తిరిగి ఉంటాయి.

"కొడుతున్నాను... పదకొండు కిలోమీటర్ల నాలుగొందల దగ్గర ఆగిందండి!"

"అక్కడే ఉన్నాం!"

ఏసుపాదం దారం విప్పి జేబులో పెట్టుకున్నాడు. పోగు ఒలిచాడు, తుడిచాడు, కోశాడు, మెషిన్లో పెట్టాడు. పదకొండేళ్ల నాటి గాజు, కొత్త గాజులా అతుక్కుంది. "ఇప్పుడు పదమూడు కిలోమీటర్ల వంద!" అని మైథిలి గారు అరవగానే క్లిప్పు పీకి పడవెక్కాం. రెండో బాక్సు నీళ్లలో మునగడానికి జానెడు దూరంలో ఉంది. గొడుగు నేను పట్టుకున్నాను, గాలి గొడుగుని పట్టుకుంది. ఏసుపాదం మెషిన్‌ని చొక్కాలో దాచి లోపలే అతికించాడు. ఒంటిగంట నలభై.

"ఇక అంతే. రెండే కోశాం" అన్నాను.

"కాదండీ! పదహారు కిలోమీటర్ల రెండొందల దగ్గర మళ్లీ ఆగింది!"

ఆ చోటు పిట్టల్లంక రేవు. అక్కడ ఏ ఆచారమూ లేదు. మేమెవరం అక్కడ ఏదీ కోయలేదు. నేను ఏసుపాదం వైపు చూశాను. ఆయన నీళ్లవైపు చూశాడు.

"అది నేనేనే. తొలిసారి దీనమ్మా నేనూ కలిసి అతికించిన బాక్సు అది. దాని మొదటి సంవత్సరికం నాడు ఒక్కణ్నే ఎళ్లి కోసేను. నీక్కూడా చెప్పలేదు."

పదేళ్లు ఒక మనిషి ఎవరికీ చెప్పనిదాన్ని కాంతి నాలుగు నిమిషాల్లో చెప్పేసింది. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. అరిచాను. "ఇంజన్ తిప్పు అన్నయ్యా!"

క్లిప్పు తీసేలోపు లాకు కాపరి వెంకాయమ్మ పిన్ని లంక ఆరోగ్య కేంద్రం నుంచి, పాతికలోనే వేరే పోగు మీద, లైన్లోకొచ్చింది. "ఏవే రాజ్యం, నీళ్లు మూడో మెట్టెక్కేసేయి! నలభైమందివి చేత్తో తిప్పుతున్నాం, తలుపు మూరెడు దిగలేదే!"

"తిప్పుతూనే ఉండండి పిన్నీ, వచ్చేస్తున్నాం!"

"వచ్చేత్తన్నాం కాదు, వచ్చేయండి!"

రేవు దగ్గరికి రెండూ యాభైకి చేరాం. అక్కడ కొసకి దారం లేదు, చిన్న నల్లపూస గుచ్చి ఉంది. దాన్ని ఏసుపాదం తీసి, దారం ఉన్న జేబులోనే వేసుకున్నాడు. నన్ను చేయమంటావా అని అడగబోయి ఆగాను. రెండుసార్లు అతుకు చెడింది. మూడోసారి మెషిన్ కిచ్‌మంది.

"చివరిదాకా!" మైథిలి గారు ఇన్‌చార్జిలా కాదు, బడిలో బహుమతి వచ్చిన పిల్లలా కేక పెట్టింది. "పద్దెనిమిది కిలోమీటర్లూ! లాకు పలికింది! ఆజ్ఞ ఇస్తున్నాను!"

మూడూ పన్నెండుకి మోటారు కదిలింది. మూడూ ముప్ఫై నాలుగుకి తలుపు కూర్చుంది. మూడూ నలభైకి పోటు వచ్చి తలుపుని గుద్దింది. గట్టు మీద జనం కేకలు వేస్తున్నారు, వెంకాయమ్మ పిన్ని ఏసుపాదాన్ని పట్టుకుని తిడుతోంది, ముద్దు పెట్టుకుంటోంది. ఊళ్లోకి చుక్క రాలేదు. ఒక్క చుక్క!

ఆ సందడిలోనే మైథిలి గారు మళ్లీ లైన్లోకొచ్చింది. "రికార్డు నా పేరుతో తెరిచాను. పన్నెండో పోగు ఎదురుగా ఏం రాయమంటారు?"

నేను ఉపన్యాసానికి నోరు తెరిచాను. ఏసుపాదం ఫోన్ లాక్కున్నాడు.

"పాత రాత తప్పని రాయండమ్మా. మా చేత్తో రాసిన తప్పని రాయండి. మూడు చోట్ల కోసుండేది, ఇవాళ అతికించేం. అతికించింది గెడ్డం ఏసుపాదం, దీనమ్మ భర్త."

ఏకపటంలో నేల మీది మనిషి చెప్పగా పడ్డ మొదటి వాక్యం అది. తెర మీద చూశాను, అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉంది. ఇరవయ్యేళ్లు నేను అడిగింది దీన్నే!

ఫిర్యాదు 7. ఇరవై మూడో రోజు.

మండలి విచారణ అయింది. తప్పుడు సంతకానికి నా పర్మిట్, అనుమతి లేకుండా బాక్సులు తెరిచినందుకు ఏసుపాదం పర్మిట్ నిలిపేశారు. మైథిలి గారికి నోటీసు. పిట్టల్లంక గురించి నివేదికలో ఒక వాక్యం ఉంది, రెండో దారి "ప్రణాళిక ప్రకారం పనిచేసింది" అని. చదివి కుర్చీలోంచి లేచాను.

కానీ ఇదీ వినండి. మూడు రోజుల్లో ఇరవై రెండు జట్లు నాలాగే ఫిర్యాదుల పెట్టెలోకి వచ్చి తమ పోగులు, తమ తప్పుడు రాతలు, తమవాళ్ల పేర్లు రాసుకున్నాయి. అందరికంటే ముందు రాసింది గుబ్బల నరసయ్య. మీలో లక్షా నలభైవేల మంది చదివారు. నవ్వుబొమ్మలు లేవు. చదవగలరన్నమాట!

ఏకపటం వద్దని ఇప్పుడు కొందరు మొదలుపెట్టారు. వాళ్లతో నేను లేను. ఆ ఒక్క తెర లేకపోతే మూడో కోత మాకు తెలిసేది కాదు. ఏకపటం కావాలి. అందులో మేమూ కావాలి. ఫిర్యాదు కింద "మీరు కోరుతున్నది" అనే గడి ఉంది. నింపుతున్నాను.

1. మిగిలిన ఎనిమిది రెండో దారుల్లో వచ్చే అమావాస్య పోటులోపు కాంతి కొట్టి చూడాలి. అప్పటిదాకా ఆ చోట్ల మెయిన్ కేబుల్ మీద ఎవరూ చెయ్యి వేయకూడదు.

2. పోగుని ముట్టుకునే ప్రతి జాయింటర్‌కీ ఏకపటంలో తన పేరుతో రాసే హక్కు ఇవ్వాలి.

3. రికార్డు తప్పని వచ్చిన ఫిర్యాదుని అదే రికార్డు చూసి ముగించకూడదు. మనిషి వెళ్లి చూడాలి.

4. వదిలేసిన ఆరు నెలల పరిశీలన మీద మళ్లీ ఓటు పెట్టాలి. ఈసారి ప్రశ్న చదివి నొక్కాలి.

5. తప్పుడు రాతని తనంతట తాను ఒప్పుకున్న జాయింటర్‌కి శిక్ష ఉండకూడదు. దాచినవాళ్లకి ఉండాలి.

6. ముప్ఫై ఒక్క పోగులూ మేం తిరిగి ఇస్తాం. ఆ కేబుళ్ల ఎదురుగా ముప్ఫై ఒక్క పేర్లు రాయడానికి గడి పెట్టాలి. పేర్లు జతచేశాను.

7. మైథిలి గారి నోటీసు వెనక్కి తీసుకోవాలి.

8. గెడ్డం ఏసుపాదం పర్మిట్ ఇవాళే ఇవ్వాలి. నాది తర్వాత మాట్లాడుకుందాం.